ఎత్తమనే మనిషి

ఆ వేసవిలో నా మొగుడికి మనశ్శాంతి దొరికింది. ఇంట్లో మిగతావాళ్ళకి ఉన్నది కాస్తా పోయింది.

మాది బట్టలకి రంగులద్దే పని. ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో పెద్ద పెద్ద కాగులు, వాటి కింద పొయ్యిలు, పక్కన చన్నీళ్ళ తొట్టి. తెల్లటి తాన్లు ఒక గుమ్మంలోంచి వచ్చి, రంగుతో ఇంకో గుమ్మంలోంచి పోతాయి. వేసవిలో మాకు ఊపిరి సలపదు. స్కూళ్ళు తెరిచేలోపు యూనిఫాం గుడ్డంతా అద్ది ఇవ్వాలి. ఆ గుడ్డతో వచ్చే చిక్కేమిటంటే, మొదటి తానుకీ చివరి తానుకీ వెంట్రుకవాసి తేడా ఉండకూడదు. ఒకే బెంచీ మీద ఇద్దరు పిల్లలు రెండు రకాల నీలంలో కనిపించారంటే తల్లులు దుకాణం మీదకి వెళ్తారు, దుకాణదారు మా మీదకి వస్తాడు.

రంగూ ఉప్పూ ఎవరైనా కలపొచ్చు. మరిగే నీళ్ళలోంచి గుడ్డని ఎప్పుడు ఎత్తాలన్నదే అసలు విద్య. తొందరపడితే వెలిసిపోయినట్టు ఉంటుంది, ఆలస్యమైతే నల్లబడుతుంది. అయినా మా షెడ్డులో గడియారం లేదు. మా మావగారికి ఎవరో ఒకటి తెచ్చి ఇస్తే, "దీనికి పొయ్యి మంట తెలుస్తుందా, నీళ్ళ వేడి తెలుస్తుందా" అని తిప్పి పంపేశారట. ఆయన మనసులో లెక్కపెట్టి "ఎత్తు" అనేవారు. మంట పెరిగితే లెక్క జోరందుకునేది, తగ్గితే మందగించేది. కొడుకు కాగు అంచు ఎత్తుకి రాకముందే పక్కన నిలబెట్టుకుని, భుజం మీద వేళ్ళతో తడుతూ ఆ లెక్క వాడి తలకెక్కించారు. ఆయన పోయాక "ఎత్తు" అనే మాట మా ఆయనకి దక్కింది. వీధిలో అందరూ ఆయన్ని గడియారం అనే పిలుస్తారు.

ఆ మాట ఇంకెవరూ అనకూడదు. అది మా ఇంటి కట్టుబాటు. కర్రతో కలపడం, ఎత్తడం, జాడించడం, పిండడం, ఆరెయ్యడం అన్నీ నేనూ మా అత్తగారూ చేస్తాం. నోరు మాత్రం ఆయనది.

పెళ్ళయిన కొత్తలో ఆయన పెదాలు ఎప్పుడూ కదులుతూ ఉంటే, నన్ను లోలోపల తిట్టుకుంటున్నాడనుకుని ఏడ్చాను. తర్వాత తెలిసింది, అది లెక్క అని. షెడ్డులోనే కాదు, అన్నం తింటున్నా గడ్డం గీసుకుంటున్నా ఆ పెదాలు ఆగవు. ఒక్కపూట మా అక్కవాళ్ళింటికి వెళ్ళొద్దాం రమ్మంటే, "నేను అక్కడ కూర్చుంటే ఇక్కడ ఎత్తమనేదెవరు?" అనేవాడు. నేను ఏం చెప్పినా సగమే వినేవాడు. మిగతా సగం లెక్కలో ఉండేవాడు. అలాగే కాపురం చేశాను.

ఆ వేసవికి ముందు మేడమీద గదిలోకి ఒక మాస్టారు అద్దెకి దిగాడు. మాస్టారంటే బడిపంతులు కాదు, స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఉన్నన్నాళ్ళూ రైళ్ళకి పచ్చజెండా ఊపి, ఇప్పుడు జనాన్ని చాప మీద కూర్చోబెట్టి కళ్ళు మూయించే పనిలో పడ్డాడు. మా ఆయనకి బీపీ ఉందని, బిళ్ళలతో పాటు మనసు కూడా కుదుటపరచుకోమని డాక్టరు చెప్పాడు. ఆ కబురు మెట్ల మీదుగా పైకి పోయింది.

"పొద్దున్నే ఒకసారి వచ్చి నా దగ్గర కూర్చోవయ్యా," అన్నాడు మాస్టారు. "వచ్చే ఊపిరి, పోయే ఊపిరి చూసుకోవడమే. ఇంకేం చెయ్యక్కర్లేదు."

"ఊపిరి చూసుకోవడానికి మేడెక్కాలా?" అన్నాను నేను. నా మాట ఎవరూ పట్టించుకోలేదు. మా అత్తగారైతే వెతికి వెతికి కొడుక్కి ఉతికిన పంచె తీసిచ్చింది.

మొదట్లో వేళకే దిగొచ్చేవాడు. తర్వాత తర్వాత టీ చల్లారిపోయాక దిగడం మొదలుపెట్టాడు. ఒకరోజు పొయ్యిలంటించి, నీళ్ళు కాగి, రంగు కలిపి కూడా అయిపోయింది. మనిషి జాడ లేదు. నేనే మెట్లెక్కాను. గదిలో ఇద్దరూ ఎదురెదురుగా, వీపులు నిటారుగా పెట్టి, కళ్ళు మూసుకుని కూర్చున్నారు.

"నీళ్ళు మరుగుతున్నాయి," అన్నాను.

మా ఆయన కదల్లేదు. మాస్టారు కళ్ళు తెరవకుండానే నా వైపు వేలు చూపించాడు, మాట్లాడొద్దని. నా ఇంట్లో, నా గుమ్మంలో, అద్దెకున్నవాడు నాకు వేలు చూపించాడు. నేను తలుపు గడియ పట్టుకుని టకటకా కొట్టాను.

మా ఆయన కళ్ళు తెరిచాడు. నన్ను చూసి నవ్వాడు. "అప్పుడే వచ్చేశావేం? ఇప్పుడేగా కూర్చున్నాను."

"ఇప్పుడేనా? ఎండ గోడ దిగి వాకిట్లో కూర్చుంది."

ఆయన కిటికీ వైపు చూశాడు. "ఎంతసేపైంది?" అని నన్నడిగాడు.

ఎదురింటివాళ్ళు రైలుకి వెళ్ళేముందు ఈ మనిషిని అడిగి బయలుదేరతారు. పక్కింటావిడ పాలు పొయ్యి మీద పెట్టి, గోడవతల నుంచి ఈయన్ని కేకేసి అడుగుతుంది. అలాంటివాడు ఎంతసేపైందని నన్నడిగాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ మంట కింద కాస్త భయం కూడా ఉంది, కాని అది పైకి కనిపించనివ్వలేదు.

"చాలా మంచి లక్షణం అమ్మా," అన్నాడు మాస్టారు. "కాలం మరిచిపోవడం అందరికీ ఇంత తొందరగా పట్టుబడదు."

"మా ఇంట్లో ఈయన కాలం మరిచిపోతే పొయ్యిలో పిల్లి లేవదు మాస్టారూ."

"మీరు కూడా ఒకసారి కూర్చుని చూడండమ్మా. ఆ కోపం అదే తగ్గుతుంది."

"నా కోపం నాకు చాలా పనులకి పనికొస్తుంది. మీ చాప మీరే చుట్టుకోండి."

కిందికొచ్చాక మా అత్తగారు అందుకుంది. "మొగుడి మొహంలో కళ చూసి కుళ్ళుకునేదాన్ని నిన్నే చూశానే. వాడు ఈ మధ్య ఎంత తేటగా ఉన్నాడో కనపడట్లేదా?"

"కనపడుతోంది అత్తయ్యా. గుడ్డ కూడా అంత తేటగానే వచ్చేలా ఉంది."

ఆవిడ నా చేతిలో కర్ర లాక్కుని తనే కలపడం మొదలుపెట్టింది. ఆ రోజంతా మేమిద్దరం ఒకే కాగు చుట్టూ తిరిగాం, మాట లేకుండా.

యూనిఫాం గుడ్డ తీసుకొచ్చిన రోజున దుకాణదారు షెడ్డంతా ఒకసారి కలియజూశాడు. ఏటా చనువుగా మాట్లాడే మనిషి, ఆ రోజు ఎందుకో కూర్చోలేదు.

"మిల్లువాళ్ళు మెషీన్లో అద్దేస్తున్నారట. తేడా రాదు, మాట పడక్కర్లేదు అంటున్నారు," అన్నాడు. "మీ గడియారం మీద నమ్మకంతో మళ్ళీ మీకే తెచ్చాను. ఈసారి రంగు తప్పిందంటే మాత్రం మీ గుమ్మం తొక్కను. ముందే చెబుతున్నా."

మా వేసవంతా ఆ గుడ్డే. అది పోతే షెడ్డుకి తాళం వేసుకుని ఎవరి మిల్లులోనో పనికి పోవాలి. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన తలూపాడు, ఎవరో ఎక్కడో ఏదో అంటున్నట్టు.

మర్నాడు తాన్లు కాగులోకి దింపాక, ఆయన స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు. ఎప్పుడూ నిలబడే ఉండేవాడు. "కళ్ళు మూసుకుంటే లెక్క ఇంకా బాగా కుదురుతుంది," అన్నాడు. వద్దంటే వినే రకం కాదు. మేమిద్దరం చెరోవైపు నిలబడి కర్రలతో గుడ్డని తిప్పుతున్నాం. నీళ్ళలో నీలం తగ్గుతూ గుడ్డలోకి ఎక్కుతోంది. కర్ర బరువు మారింది. నురగ తెల్లబడింది. అన్నేళ్ళుగా ఆ బరువు నా భుజాలకి తెలుసు, అదయ్యాక కాసేపట్లో "ఎత్తు" అంటాడు.

అనలేదు.

మా అత్తగారు ఆవిరికి దగ్గింది. నేను ఆయన వైపు చూశాను. మొహం ప్రశాంతంగా ఉంది. ఆవిడ మళ్ళీ దగ్గింది, ఈసారి కాస్త గట్టిగా. అప్పుడు గమనించాను, ఆయన పెదాలు కదలడం లేదు. పెళ్ళయినప్పటి నుంచి ఆ పెదాలు ఊరుకోవడం నేను చూడలేదు.

"అత్తయ్యా, ఎత్తేద్దాం."

"వాడు చెప్పాలి."

"ఆయన లేడక్కడ. చూడండి."

"లెక్కలో ఉన్నాడు. నువ్వు నోరు మూసుకో."

"లెక్క లేదు. పెదాలు చూడండి." నేను ఆయన భుజం పట్టుకోబోతే ఆవిడ తన కర్ర అడ్డం పెట్టింది. ధ్యానంలో ఉన్నవాణ్ణి కుదిపి లేపకూడదని మాస్టారు చెప్పాడట, గుండెకి దెబ్బట. ఎంత నెట్టినా ఆవిడ కర్ర తియ్యలేదు. గుడ్డ నల్లబడటం ఆవిడా చూస్తోంది, నేనూ చూస్తున్నాను. ఎత్తమనే హక్కున్న ఒక్క మనిషీ మా మధ్య కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఆవిడ దగ్గుతూనే ఉంది.

నేను ఇంక ఆగలేక నా కర్రతో కాగు అంచు మీద బలమంతా పెట్టి కొట్టాను. షెడ్డు రేకులు కూడా మోగాయి. ఆయన మెల్లగా కళ్ళు తెరిచాడు.

"ఏమైంది?"

"అయిపోయింది," అన్నాను.

ఎత్తి చన్నీళ్ళలో వేశాం. స్కూలు పిల్లల లేత నీలం కావాల్సిన గుడ్డ మెకానిక్కులకి కూడా పనికిరానంత ముదురుగా, మచ్చలు మచ్చలుగా వచ్చింది. ఆయన దాన్ని చేత్తో తడిమి చూసి, "ఎంతసేపు ఉంచారు?" అని అడిగాడు. ఉంచారు అన్నాడు. అక్కడున్న కర్ర ఎత్తి ఆయన నెత్తిన ఒక్కటి వెయ్యనందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

దుకాణదారు వచ్చి చూసి తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. పాడైనవాటి బదులు తెల్ల తాన్లు మమ్మల్నే కొని తెమ్మన్నాడు. మిగతావాటిలో ఒక్కటి తప్పినా అన్నీ బండిలో వేసుకుని మిల్లుకి పోతానన్నాడు. "ఏమయ్యా గడియారం, కీ ఇవ్వడం మరిచిపోయారా ఇంట్లో?" అని వెళ్తూ వెళ్తూ అన్నాడు. మా ఆయన దానికీ నవ్వాడు.

తర్వాత ఆయన కాగు దగ్గర నిలబడి లెక్క మొదలుపెట్టడానికి చూశాడు. పాత చింకిగుడ్డ ఒకటి వేసి చూద్దామన్నాను. పెదాలు కదిలాయి, ఆగాయి. మళ్ళీ కదిలాయి, ఆగాయి. చివరికి చేతులు దించేశాడు.

"రావట్లేదు," అన్నాడు.

"రావట్లేదంటే?"

"లోపల చప్పుడు లేదు." ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహంలో సిగ్గు లేదు, బాధ లేదు. "నీకు తెలీదు. చిన్నప్పటి నుంచి ఒక్క క్షణం ఆగలేదది. బడిలో ఆగలేదు, పెళ్ళిలో ఆగలేదు. మన పిల్ల పుట్టి చేతిలో పెట్టినప్పుడు కూడా లెక్కపెడుతూనే ఉన్నాను. ఎక్కడ ఆపాలో నాన్న చెప్పలేదు. పైన ఆ గదిలో మొదటిసారి ఆగింది. ఆగితే ఎలా ఉంటుందో నాకు తెలీదు అప్పటిదాకా."

అది విని నా మనసు కరగాలి. కరగలేదు. ఇంకా కోపమొచ్చింది. నా కాపురమంతా ఈ మనిషి లెక్కలో ఉంటే నేను బయట నిలబడ్డానన్నమాట. ఆ లెక్కలోంచి బయటపడ్డాక కూడా నా దగ్గరికి రాలేదు, నేరుగా మేడెక్కాడు.

"పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను చెప్పింది ఒక్కటైనా పూర్తిగా విన్నారా మీరు?"

"ఇప్పుడు వింటాను. చెప్పు."

"ఇప్పుడు నాకు చెప్పే తీరిక లేదు. పక్కకి జరగండి."

ఆయన జరిగాడు. గొడవ పెట్టుకుంటాడనుకున్నాను. అంత సులువుగా జరిగేసరికి నాకింకా కాలింది.

అసలు గొడవ మా అత్తగారితో. నేను పొయ్యి ఎగదోస్తుంటే ఆవిడ షెడ్డు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఈ కాగు దగ్గర ఆడది ఎత్తమనలేదు. నేను బతికుండగా అనదు."

"అయితే లోపలికెళ్ళి పడుకోండి. వినపడదు."

"తప్పితే?"

"తప్పితే తాళం. నేను ముట్టుకోకపోయినా తాళమే."

ఆవిడ పడుకోలేదు. గుమ్మంలోనే కూలబడింది, నా చేతులు పడిపోతే చూసి ఆనందిద్దామన్నట్టు. నేను తాన్లు దింపాను. లెక్క నాకెవరూ నేర్పలేదు. భుజాలకి తెలిసినదాన్ని అంకెల్లోకి మార్చుకుని, మంట చప్పుడు వింటూ మనసులో లెక్క మొదలుపెట్టాను. కర్ర బరువు మారింది. నురగ తెల్లబడింది. ఇప్పుడా, ఇంకాసేపా? నోరు తెరిచాను, మళ్ళీ మూశాను. ఒక్కదాన్నే మిగతా తాన్లన్నీ తగలబెడుతున్నానేమో అనిపించింది.

గుమ్మంలో మా అత్తగారు దగ్గింది.

నేను తలతిప్పాను. ఆవిడ వీధి వైపు చూస్తోంది. ఆవిరి గుమ్మం దాకా రాదు.

"ఎత్తు," అన్నాను.

ఎత్తడానికి ఇద్దరు కావాలి. ఆ సంగతి నేను మరిచేపోయాను. ఆవిడ మోకాళ్ళ మీద చేతులాన్చి లేచింది, రెండో కర్ర అందుకుంది, కాగుకి అవతలివైపు వచ్చి నిలబడింది. ఇద్దరం ఎత్తాం. నీళ్ళలో జాడించి వెలుగులో పట్టి చూస్తే, నమూనాకి దాచిన పోయినేడాది గుడ్డముక్క పక్కన పెట్టి చూస్తే, తేడా లేదు.

గుడ్డని చెరో కొసా పట్టుకుని పిండుతున్నప్పుడు ఆవిడే అంది. "మీ మావయ్య నేను దగ్గందే ఎప్పుడూ ఎత్తమనలేదు."

నా చేతులు ఆగాయి. "మరి ఆయన లెక్క?"

"లెక్కేంటే. ఊరికే పెదాలాడించేవాడు. మగాడన్నాక నలుగురిలో ఏదో ఒకటి చెయ్యాలిగా."

"మరి మీ అబ్బాయికి నేర్పిందేంటి?"

"వాడు చిన్నవాడు. నాన్న లెక్కపెడుతున్నాడంటే నిజమేననుకుని నిజంగానే నేర్చుకున్నాడు. నేను దగ్గేలోపే అనేవాడు వాడు. ఇంక నాకు పనిలేదులే అనుకున్నాను." ఆవిడ గుడ్డని ఇంకో మెలిక తిప్పింది. "పిండవే, నీళ్ళు కారుతున్నాయి."

"మొన్న కూడా దగ్గారు మీరు."

"దగ్గాను."

"దగ్గే బదులు నోరు తెరిచి ఎత్తు అనొచ్చుగా. నాకు కర్ర అడ్డం పెట్టే బదులు."

ఆవిడ పిండిన గుడ్డని మడతపెట్టి భుజాన వేసుకుంది. "నాకు అలవాటు లేదు," అంది.

ఈ సంగతి నేను మా ఆయనకి చెప్పలేదు. దయ తలిచి కాదు. ఆయన తల తినేసిన లెక్క వెనక అసలు లెక్కే లేదని చెబితే, ఆయన వెళ్ళి మాస్టారికి చెబుతాడు, మాస్టారు దాన్ని కూడా మంచి లక్షణం అంటాడు. వాళ్ళకి ఆ సుఖం నేనెందుకివ్వాలి?

మిగతా తాన్లన్నీ నేనే ఎత్తమన్నాను. మా అత్తగారు మళ్ళీ దగ్గలేదు. ఒకటి రెండుసార్లు నేనే ఆవిడ వైపు చూశాను, ఆవిడ కాగులోకి చూస్తూ ఉండిపోయింది. దుకాణదారు వచ్చి తాన్లు విప్పించి, ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి పరిచి చూసుకున్నాడు. "గడియారం బాగుపడ్డట్టుందే. ఏడీ?" అన్నాడు.

"మేడమీదున్నాడు. గుడ్డ సరిగ్గా ఉందా లేదా చెప్పండి."

"ఉంది. మరి ఎత్తమన్నదెవరు?"

మా అత్తగారు నాకంటే ముందు నోరు తెరిచింది. "మా ఇంట్లో వాళ్ళే. గుడ్డ తీసుకెళ్ళు నువ్వు," అంది.

స్కూళ్ళు తెరిచిన రోజు మా పిల్ల కూడా ఆ నీలం గుడ్డలోనే వెళ్ళింది. పిల్లలందరూ వీధి మలుపు తిరిగేదాకా చూశాను, రెండు రకాల నీలం ఎక్కడా కనపడలేదు. ఆ సాయంత్రం మా ఆయన మేడ దిగి షెడ్డులోకి వచ్చాడు. నేను కొత్త తాన్లు దింపి ఉన్నాను. ఆయన తొట్టి గట్టు మీద కూర్చుని ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ లేనంత నెమ్మదిగా, నా మొహంలోకి చూస్తూ చెబుతున్నాడు. మా అక్కవాళ్ళింటికి వెళ్దామంటున్నాడో, పిల్ల గురించో, నేను ఎన్నాళ్ళో అడిగి అడిగి మానేసినదేదో.

మధ్యలో ఆగిపోయాడు.

"నీ పెదాలు కదులుతున్నాయి," అన్నాడు.

నేను చేత్తో నోరు తడుముకున్నాను. నిజమే. ఆయన చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా నా చెవికెక్కలేదు.

"ఎప్పటినుంచి?" అన్నాడు. ఆయన గొంతులో భయం ఆ వేసవంతటికీ అదే మొదటిసారి విన్నాను. "షెడ్డులోనేనా, ఇంట్లో కూడానా?"

"మీకెందుకు?"

"ఒక్కసారి పైకి రా. నా పక్కన కూర్చో. ఆగుతుంది, నా మాట విను."

"నేను కూర్చుంటే ఎత్తమనేదెవరు?"

ఆ మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో. ఆయన తొట్టి గట్టు మీంచి లేచాడు. ఆవిరిలో, నా పక్కన, చేతులు వేలాడేసుకుని నిలబడిపోయాడు. అలా ఎంతసేపు నిలబడ్డాడో ఆయనకి తెలీదు. నాకు తెలుసు.